ఉగ్గాణి అంగడి చరిత్ర

చరిత్ర యనగానే మనకు కోటలు, శాసనములు, రాజుల పేర్లు స్ఫురించును. ఆదోని పట్టణమున వీనికి కొదువ లేదు. కొండమీద విజయనగర ప్రభువుల నాటి కోట కలదు. ఊరిలో బిజాపురపు సుల్తానుల పక్షమున పాలించిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు కలదు. వచ్చినవారు వీనిని చూచి పోవుదురు. కాని మసీదు, పత్తి మార్కెట్టు, రైలు స్టేషను, వీని నడుమనున్న వీధులలో తెల్లవారకముందే పొయ్యి రాజుకొను చిన్న ఫలహారపు అంగళ్లను ఎవరును చరిత్రగా భావింపరు. మేము ఈ వ్యాసమున ఆ అంగళ్ల చరిత్రనే చెప్పదలచితిమి. కోట గోడలు చెప్పని సంగతులు కొన్ని వానియందు దాగియున్నవని మా నమ్మకము.

అంగడి యనిన పెద్ద కట్టడము కాదు. ముందొక రేకుల పందిరి, దాని క్రింద రెండు పొయ్యిలు, లోపల నాలుగు బల్లలు, అంతే. కొన్ని చోట్ల అదియును లేదు. తోపుడు బండియే అంగడి. ఒక పొయ్యిమీద వెడల్పైన బాణలిలో పసుపుపచ్చని ఉగ్గాణి, రెండవ పొయ్యిమీద కాగుచున్న నూనెలో తేలియాడు మిరపకాయ బజ్జీలు. “అన్నా, ఒక ప్లేటు ఉగ్గాణి, రెండు బజ్జి!” అని ఒకరు కేక వేయుదురు. “నాకు ఇప్పుడు తీసినవే వెయ్యప్పా, చల్లారినవి వద్దు” అని యింకొకరు. ఉగ్గాణి కొంత చల్లారినను తినవచ్చును. బజ్జి చల్లారినచో మెత్తబడి రుచి చెడును. అందుచేత అంగడివాని పేరు నిలుచునదియు, పోవునదియు వేడి బజ్జిమీదనే. ఊరిలో ఎవని బజ్జి ఎంత వేడిగా నుండునో అచ్చటివారికి కంఠస్థము.

ఇతర జిల్లాల పాఠకుల కొఱకు ఈ ఫలహారమెట్టిదో కొంచెము చెప్పవలెను. కోస్తాలో మరమరాలు అనుదానిని సీమలో బొరుగులు అందురు. బొరుగులను నీళ్లలో ముంచి, కొద్ది క్షణములుంచి, పిడికిళ్లతో పిండి తీయుదురు. ఎక్కువ నానినచో ముద్దయగును. తక్కువ నానినచో గొంతున పట్టుకొనును. ఆ హద్దును చేతి స్పర్శయే చెప్పవలెను గాని గడియారము చెప్పజాలదు. నూనెలో ఆవాలు, జీలకఱ్ఱ, శనగపప్పు, కరివేపాకు వేయించి, ఉల్లిపాయ, పచ్చిమిరప, టమేటో మగ్గించి, పసుపు, ఉప్పు చేర్చి, పిండిన బొరుగులను అందులో కలుపుదురు. చివర పప్పులపొడి చల్లుదురు. సీమలో పప్పులు అనిన పుట్నాలు. ఆ పొడి మిగిలిన తడిని పీల్చుకొని, బొరుగులు ముద్దకట్టకుండ కాపాడును. పైన కొత్తిమీర, నిమ్మరసము. ఇక బజ్జికై పొడవైన లేతపచ్చని మిరపకాయను నిలువున చీల్చి, వాము కలిపిన శనగపిండి జారులో ముంచి నూనెలో వదలుదురు. తినువాడు బజ్జిని విరిచి, ఆవిరి పోకముందే ఉగ్గాణితో నంజుకొనును. బొరుగుల మెత్తదనము, శనగపిండి కరకర, మిరప ఘాటు మూడును ఒక్క కబళమున కలియును.

ఉగ్గాణి యను పేరు మనకు పసిబిడ్డల ఉగ్గును తలపించును. కాని దానితో దీనికి సంబంధము కుదరదు. ఈ ప్రాంతమున కొందరు దీనిని ఒగ్గాణి యని పలుకుదురు. ఆ పలుకుబడియే మనకు దారి చూపును. కన్నడమున ఒగ్గరణె యనిన పోపు. సీమవారు తిరగమాత యనునది. దావణగెరెలో మండక్కి ఒగ్గరణె యని అడిగి, దానితో మిర్చి బజ్జి తినుట నేటికిని వాడుక. మండక్కి యనిన బొరుగులే. అనంతపురము వైపు కొందరు ఇదే పదార్థమును బొరుగుల తిరగమాత యందురు. అనగా ఒకే వంటకమునకు ఒకే అర్థముగల పేర్లు రెండు భాషలలో ఉన్నవి. ఆదోని, ఎమ్మిగనూరు తెలుగువారు మాత్రము కన్నడపు పేరునే తమ నోటికి అనువుగా మలచుకొనిరి. ఈ చిన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. వ్యాసము చివర దీనితో మరల పనిపడును.

అంగళ్లలో పెద్దలను అడిగినచో “ఇది మా తాతముత్తాతల నాటిది” యందురు. ఆ మాటలో అభిమానము కలదు. ఆ అభిమానమును మేము తక్కువ చేయము. కాని పళ్లెములోని వస్తువులను ఒక్కొక్కటిగా విచారించినచో వేఱొక కథ బయటపడును. ధాన్యమును వేడిమికి పేల్చి తినుట మిక్కిలి ప్రాచీనము. పెండ్లిలో లాజహోమమునకు వాడెడి పేలాలు అందుకు సాక్ష్యము. శనగ, ఆవాలు, పసుపు, కరివేపాకు ఈ దేశమునకు పాత చుట్టములే. కాని మిరపకాయ అట్టిది కాదు. అది అమెరికా ఖండపు మొక్క. 1498లో వాస్కో డ గామా కాలికట్టు చేరిన తరువాత, పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలతో మన తీరమునకు వచ్చెను. అంతకుముందు మన వంటకు కారమిచ్చినది మిరియమే. క్రొత్తగా వచ్చిన కాయకు మనవారు పాత మిరియపు పేరును పోలిన పేరే పెట్టి మిరపకాయ అనిరి. టమేటో కూడ ఆ ఖండమునుండియే వచ్చి, మిరప కంటె ఎంతయో ఆలస్యముగా మన వంటింట ప్రవేశించినది.

నూనె సంగతి యింకను ముఖ్యమైనది. నేడు బజ్జి వేగునది వేరుసెనగ నూనెలో. వేరుసెనగయు దక్షిణ అమెరికా పంటయే. అది రాయలసీమ మెట్టభూములలో విరివిగా ప్రాకినది ఇరువదవ శతాబ్దములోనే. అంతకుముందు ఈ నల్లరేగడి సీమలో నూనె యనిన నువ్వులు, కుసుమలు మొదలగువానినుండి గానుగలో తీసినది. దానిని పోపునకు చెంచాతో వాడుకొనవచ్చును గాని, కూలివాని ఫలహారము కొఱకు బాణలి నిండ పోసి ప్రతి ఉదయము కాచుట అంత తేలిక కాదు. వేరుసెనగ పంటయు, ఆదోనివంటి ఊళ్లలో నూనె మిల్లులును వచ్చిన పిదప ఆ పని సుకరమయ్యెను. కాబట్టి ఉగ్గాణి–బజ్జి నేటి రూపమున అనాదినుండి వచ్చినది కాదు. ప్రాచీనమైన బొరుగులకు పదునాఱవ శతాబ్దపు మిరపయు, ఇరువదవ శతాబ్దపు నూనెయు తోడై ఏర్పడిన పళ్లెమిది. దీని గౌరవము వయస్సులో లేదు; ఎవరి అవసరమును తీర్చుటకు ఏర్పడినదో అందులో నున్నది.

ఆ అవసరమేమో తెలియవలెనన్న ఈ నేలను ఒకసారి చూడవలెను. కర్నూలు జిల్లా పశ్చిమ భాగము వానలు తక్కువైన సీమ. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కఱవు బళ్లారి, కర్నూలు జిల్లాలను మిక్కిలి బాధించిన సంగతి చరిత్ర ప్రసిద్ధము. ఇచ్చటి నిత్యాహారము జొన్నరొట్టె, జొన్నసంగటి, కొఱ్ఱన్నము. వరియన్నము పండుగకో, చుట్టము వచ్చినప్పుడో వండుకొనునది. అట్టి చోట బియ్యము చౌకగా నోటికందిన రూపము బొరుగులు. పిడికెడు బియ్యము పేలి చేటెడగును. తూకముతో గాక కొలతతో అమ్మెడి పదార్థము గనుక కొన్నవానికి చాల కొన్నట్లుండును. పైగా నిలువయుండును. అన్నము వండవలెనన్న నీరు, కట్టెలు, సమయము మూడును కావలెను. ఈ సీమలో ఆ మూడింటికిని కొఱతయే. ఉగ్గాణికి బొరుగులు తడియుటకు చాలినంత నీరు, పోపు వేగుటకు చాలినంత మంట ఉన్నచో చాలును.

పిడికెడు బియ్యము అట్లు పేలుటకు వెనుక ఎంత శ్రమ కలదో తినువారు తలపరు. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి, దంచి లేదా మరపట్టించి, ఆ బియ్యమునకు ఉప్పునీరు పట్టించి, మరల కాచుదురు. బట్టీలో కాలుచున్న ఇసుకలో ఆ బియ్యమును వేసినంతనే, గింజలోని తేమ ఒక్కసారిగా ఆవిరియై గింజను ఉబ్బించును. కొన్ని క్షణములలోనే జల్లెడతో ఇసుకనుండి వేఱుచేయవలెను, ఆలస్యమైనచో మాడును. బట్టీయెదుట నిలుచువారికి ఎండాకాలము, చలికాలము అను భేదము లేదు. బొరుగుల బట్టీలలో ఆడవారును, మగవారును కలిసి ఈ పని చేసినారు. అంగడివాని చేతివాటము గూర్చి ఊరంతయు చెప్పుకొనును గాని, బట్టీవారి చేతివాటము గూర్చి చెప్పుకొనువారు అరుదు.

ఇక ఈ పళ్లెమును తిన్నవారెవరు? దీనికి ఆదోని పత్తి సమాధానము చెప్పును. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి దత్తము చేసెను. సర్ థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా 1807 వరకు పాలించెను. 1808లో దత్తమండలమును బళ్లారి, కడప జిల్లాలుగా విభజించినప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలో చేరెను. నల్లరేగడిలో పండు పత్తికి 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధ కాలమున గిరాకి పెరిగెను. అమెరికా పత్తి అందక, లాంకషైరు మిల్లులు హిందూదేశపు పత్తిని వెదకుకొనెను. 1871లో మదరాసునుండి ఆదోని మీదుగా వచ్చిన ఇనుపదారి రాయచూరు వద్ద బొంబాయి దారితో కలిసెను. నాటినుండి ఆదోని పత్తికి ఒకవైపు మదరాసు, ఒకవైపు బొంబాయి తలుపులు తెఱచుకొనినవి. బళ్లారి, కర్నూలు, అనంతపుర ప్రాంతపు పత్తికి వర్తకులు “వెస్టరన్స్” అని పేరిడిరి. జిన్నింగు మిల్లులు, ప్రెస్సులు వెలసినవి. గుజరాతునుండి, మార్వాడమునుండి వర్తకులు వచ్చి స్థిరపడిరి. ఊరికి రెండవ బొంబాయి యను ముద్దుపేరు వచ్చెను.

పత్తి కాలమున పల్లెల రైతులు రాత్రియంతయు బండ్లు తోలుకొని తెల్లవారుసరికి మార్కెట్టు చేరెడివారు. ఎడ్లను విప్పి, మేత వేసి, వేలము మొదలగువఱకు వేచియుండవలెను. ఇంటినుండి తెచ్చిన సద్ది రాత్రియే అయిపోయియుండును. బండి విడిచి దూరము పోవుటకు లేదు, పత్తిమీద కన్నుంచవలెను. మిల్లులో రాత్రి పాలి దిగు కూలీలును, పగటి పాలి ఎక్కు కూలీలును అదే వేళకు వీధిలో ఎదురుపడుదురు. తూకమువారు, హమాలీలు, గుమాస్తాలు సరేసరి. వీరందఱికి కావలసినది ఒకటే: చౌకగా ఉండవలెను, వెంటనే రావలెను, కడుపు నిండినట్లుండవలెను, వేడిగా నుండవలెను. ఉగ్గాణి చౌకయైనది, కడుపు నింపును. బజ్జి వేడిని, కారమును ఇచ్చును. ఆ పైన ఒక గ్లాసు చాయ్. పదినిమిషములలో మనిషి మరల పనికి సిద్ధము.

ఎమ్మిగనూరు కథ పత్తితో గాక నూలుతో ముడిపడినది. అది మగ్గముల ఊరు. 1938లో పద్మశ్రీ మాచాని సోమప్పగారి పూనికతో నేతగాండ్ర సహకార సంఘము అచ్చట ఏర్పడి, దేశమంతట పేరు పొందెను. నేతయింట మగవాడు గుంతమగ్గములో కూర్చుండును; ఆడవారు, పిల్లలు కండెలు చుట్టుదురు. ఇంటిల్లిపాది పనిలో ఉన్నప్పుడు ఉదయపు వంట భారమగును. పిల్లవానికి గిన్నె యిచ్చి అంగడికి పంపుటయే సులువు. అందువలన ఎమ్మిగనూరులో ఉగ్గాణి బల్లమీద తిన్న ఫలహారము మాత్రమే కాదు; గిన్నెలో ఇంటికి వచ్చిన ఫలహారము కూడ. జనవరిలో జరుగు నీలకంఠేశ్వరస్వామి జాతరకు, అచ్చటి పశువుల సంతకు చుట్టుప్రక్కల జిల్లాల రైతులు వత్తురు. ఎడ్ల బేరము గంటలకొలది సాగును. బేరగాండ్రకు బజ్జి బాణలి తోడు.

ప్రపంచమున ఇట్టి ఫలహారములకు ఒక సామాన్య లక్షణము కలదు: పని విడువనక్కఱలేకుండ తినుట. ఇంగ్లండున పదునెనిమిదవ శతాబ్దమున శాండ్విచ్ ప్రభువు జూదపు బల్లనుండి లేవక తినుటకై రెండు రొట్టెముక్కల నడుమ మాంసముంచి తెప్పించుకొనెనని కథ కలదు. ఆయన పేరే ఆ తిండికి నిలిచెను. మొదటి బొంబాయిలో మిల్లు కూలీలు విరివిగా తిన్న వడాపావ్ 1966 ప్రాంతమున దాదరు స్టేషను వద్ద మొదలైనదని చెప్పుదురు. అందును చేసిన పని ఇదియే: శనగపిండిలో ముంచి వేయించిన వేడి వడను రొట్టె నడుమ పెట్టి, నడచుచు తినుటకు వీలు కల్పించిరి. అచ్చట పోర్చుగీసువారి రొట్టె వాడుకలో నున్నది గనుక వడకు రొట్టె తోడయ్యెను. ఇచ్చట బొరుగులున్నవి గనుక బజ్జికి బొరుగులు తోడయ్యెను. జూదపు బల్లకును, పత్తిబండికిని దూరమెంత యున్నను, రెండు బొంబాయిల కూలీలకును ఆకలి మాత్రము ఒకే తీరు. శాండ్విచ్‌కు ఒక ప్రభువు పేరు దక్కినది. ఉగ్గాణిని కూర్చినవాని పేరు ఎచ్చటను లేదు.

అంగడి చరిత్రలో చెప్పక దాటరాని ఘట్టమొకటి కలదు. కలిసి తినుట మన దేశమున సులభమైన పని కాదు. మదరాసు రాజధానిలోని పట్టణములలో కాఫీ హోటళ్లు వెలసినప్పుడు, బ్రాహ్మణులకు వేఱుగా గదులుండెడివి. అస్పృశ్యులుగా నెంచబడినవారికి పెక్కుచోట్ల లోపలికి రానిచ్చుటయే లేదు. వీధి అంగడికి గదులు లేవు. లోపల, వెలుపల అను భేదము తక్కువ. రైతు, హమాలీ, సాహెబు, గుమాస్తా ఒకే బాణలిలోని ఉగ్గాణిని తిన్నారు. ఇంతమాత్రము నిజము. దీనిని చూచి ఈ అంగళ్లు సమత్వమునకు పుట్టినిండ్లని వ్రాయుట సులువు. కాని అట్లు వ్రాసినచో అది సత్యము కాదు. పల్లెలయందును, చిన్న ఊళ్లయందును చాయ్ అంగళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎన్నో యేండ్లు సాగెను. కొందఱికి బల్లమీద గాజు గ్లాసు. కొందఱికి చూరులో చెక్కిన వేఱు గ్లాసు. త్రాగినవాడే దానిని కడిగి పెట్టవలెను. ఆకుమీద పెట్టిన ఫలహారమునకు ఆ చిక్కు రాలేదు. ఏలయనగా ఆకును కడుగ నక్కఱలేదు, పారవేయవచ్చును. కాబట్టి ఒకే బాణలి ఉగ్గాణి అందఱికి దక్కుటలో ఉదారతతోపాటు ఆ విస్తరాకునకు కూడ పాలు కలదని ఒప్పుకొనవలెను.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునేడవ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసెను. పదునైదవ అధికరణమున దుకాణములు, ఫలహారశాలలు, హోటళ్లలో కులమును బట్టి ఎవరిని అడ్డగింపరాదని స్పష్టముగా చెప్పెను. పెద్ద పెద్ద హక్కుల నడుమ ఫలహారశాల పేరు వ్రాయవలసివచ్చినదనిన, ఆ గడపయొద్ద ఎంత అవమానము జరిగియుండెనో ఊహింపవచ్చును. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చి, అడ్డగించినవారికి శిక్ష విధించెను. 1976లో ఆ చట్టమును కఠినతరము చేసి, పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చిరి. చట్టము వచ్చిన మఱునాడే గ్లాసులు ఒక్కటి కాలేదు. అవి ఒక్కటియైన చోట్ల, ఆ ఊరివారిలో ఎవరో ఒకరు బల్లమీద కూర్చుండి “నాకు కూడ ఆ గ్లాసులోనే పొయ్యప్పా” అని అడుగుటకు ధైర్యము చేసియుందురు. ఆ ధైర్యవంతుల పేర్లు ఏ శాసనముమీదను లేవు.

అంగడి వార్తలకు కూడ నెలవు. ఇంట రేడియో లేని కాలమున, హోటలులోని రేడియో ఊరందఱిది. 1957లో వివిధభారతి మొదలైన పిదప పాటల కొఱకు ఇంకొక గ్లాసు చాయ్ తీసికొని కూర్చుండువారు పెరిగిరి. వార్తల వేళకు బజ్జి కాల్చువాడు కూడ జాలిగంటె నిలిపి చెవియొగ్గెడివాడు. పత్తి ధర, వాన జాడ, ఎన్నికల ఫలితము, ఇవన్నియు చదువు రానివారికి కూడ అచ్చటనే తెలిసెడివి. రేడియో గల గృహస్థులు ఇంటిలో కూర్చుండి విన్నదానినే వీరు నిలుచుండి వినిరి, విన్నవెంటనే తర్కించిరి. ఆ తర్కములో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును కలిసి దొర్లెడివి. ఒక వాక్యము తెలుగున మొదలై కన్నడమున ముగిసినను ఎవరికిని వింతగా తోచెడిది కాదు.

ఇపుడు మొదట గుర్తుంచుకొనుమన్న సంగతికి వత్తము. ఆదోని 1808 నుండి 1953 వరకు, అనగా 145 యేండ్లు, బళ్లారి జిల్లాలో నుండెను. ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలోనిదే. ఈ ఊళ్లవారికి కచ్చేరి, కోర్టు, పెద్ద ఆసుపత్రి అన్నియు బళ్లారియే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు భాషను బట్టి బళ్లారి జిల్లాను పంచిరి. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చినవి. తక్కినవి మైసూరునకు పోయినవి. బళ్లారి తాలూకా ఎవరిదను వివాదము తీవ్రమై, న్యాయమూర్తి మిశ్రా విచారణ జరిపిన పిదప అదియును మైసూరునకే చెందెను. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో చేరినవి. కర్నూలు ఆనాడు రాష్ట్ర రాజధాని. ఆదోనివారు అటుపిమ్మట తమకు చేరువైన బళ్లారిని విడిచి, దూరమైన కర్నూలునకు అర్జీలు పట్టుకొని పోవలసివచ్చెను.

తెలుగువారికి రాష్ట్రము కావలెనను కోరిక న్యాయమైనది. దాని కొఱకు పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరులో ప్రాణములర్పించిరి. ఆ న్యాయమును మేము శంకింపము. కాని సరిహద్దు గీతకు ఒక పరిమితి కలదు. తాలూకాను లెక్కించునపుడు ప్రతి యింటిని తెలుగు అనియో, కన్నడము అనియో ఒక గడిలో వ్రాయవలెను. ఆదోనిలో రెండును మాటలాడు ఇండ్లు ఎన్నియో కలవు. వానిని ఏ గడిలో వ్రాసినను సగమే వ్రాసినట్లు. గీతకు ఇటువైపు తెలుగువారు కన్నడపు పేరుగల ఉగ్గాణిని తినుచునే యున్నారు. అటువైపు బళ్లారిలో తెలుగు మాటలాడువారు ఒగ్గరణి మిర్చి తినుచునే యున్నారు. అధికారులు దస్తావేజులను పంచుకొనిరి, కచ్చేరి బల్లలను పంచుకొనిరి. బాణలిని పంచుట మాత్రము వారివలన కాలేదు. 145 యేండ్ల సహవాసమునకు సాక్ష్యము కావలెనన్న దస్తావేజుల గదికి పోనక్కఱలేదు. ఉదయము ఏడు గంటలకు ఆదోని వీధిలో నిలిచి జనము దేనిని ఏ పేరుతో అడుగుచున్నారో విన్నచో చాలును.

ఆ 1953లోనే తుంగభద్ర ఆనకట్ట వెనుక నీరు నిలిచెను. దిగువ కాలువ ద్వారా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములకు ఆ నీరు అందినపుడు, జొన్న చేలుండిన చోట కొంతమేర వరి పండజొచ్చెను. బియ్యము పండుగనాటి తిండి యను స్థితి క్రమముగా మాఱెను. లేమిలో బియ్యమును పెంచి చూపుటకు వచ్చిన బొరుగులు ఇక అవసరము లేదని ఎవరైన తలపవచ్చును. కాని అట్లు జరుగలేదు. అవసరము తగ్గిన పిమ్మటను రుచి నిలిచినది. నేడు మార్కెట్టుకు పత్తి లారీలలో, ట్రాక్టరులలో వచ్చుచున్నది. ఎడ్లబండ్ల వరుసలు కనబడవు. పనికై హైదరాబాదు, బెంగుళూరు చేరిన సీమవారితో ఉగ్గాణియు ఆ నగరములకు చేరినది. అచ్చట పింగాణి పళ్లెములో వడ్డించి రాయలసీమ ప్రత్యేక వంటకమని పేరు వ్రాయుచున్నారు. సంతోషమే. అయితే ఆ పేరు వ్రాసినవారు, తినువారు, అది పత్తిబండి ప్రక్కన, మగ్గపు గుంత ప్రక్కన ఆకలి తీర్చిన తిండియని మఱచిపోరాదు.

ఆంగ్ల ప్రభుత్వపు గెజెటీరులలో ఈ సీమ పంటలు, శిస్తులు, కోటలు, కఱవులు సవిస్తరముగా వర్ణింపబడినవి. వీధి మూలనున్న అంగడివాడు ఉదయము ఎన్ని గంటలకు పొయ్యి వెలిగించెడివాడు, ఎవరికి అరువిచ్చెడివాడు, ఎవరిని బల్లమీద కూర్చుండనిచ్చెడివాడు అను సంగతులు వానియందు వెదకినను దొరకవు. అవి ఊరి వృద్ధుల జ్ఞాపకములందే కలవు. కోట శిథిలమైనను రాళ్లు మిగులును. జ్ఞాపకము పోయినచో ఏమియు మిగులదు. కాబట్టి మా విన్నపమొకటి. మీ యింట, మీ వీధిలో అట్టి అంగడిని ఎఱిగిన పెద్దలున్నచో, ఒకనాటి సాయంకాలము వారిచెంత కూర్చుండుడు. ఉగ్గాణి రుచి గూర్చి మొదట అడుగుడు. వారు సంతోషముతో చెప్పుదురు. ఆ తరువాత గ్లాసుల గూర్చి కూడ అడుగుడు. కొంతసేపు మౌనముగా నుందురు, పిదప చెప్పుదురు. రెండింటిని వ్రాసి పెట్టుడు.